పని తెలియని అరవై ఒక్క జన్యువులు

ఆ వైరస్ పెద్దాసుపత్రి వెనక మురుగుకాలువలో దొరికింది. దొరికిన రోజున దాని మీద ఏ మచ్చా లేదు. ఆఫీసు గుమ్మం ఎక్కిన తర్వాతే దానికి గ్రహచారం పట్టింది.

దాన్ని పట్టుకొచ్చిన మనిషి డాక్టర్ గుబ్బల మణిమాల, సూక్ష్మజీవి పరిశోధన సంస్థలో పరిశోధనాధికారి. పన్నెండేళ్ల సర్వీసులో ఆమెకు ఒక్క మెమో కూడా రాలేదు. ప్రభుత్వ కొలువులో పన్నెండేళ్లు మెమో లేకుండా గడిచాయంటే ఆ మనిషి ఏ పనీ చేసి ఉండకూడదు, లేదా చేసే ప్రతి పనికీ ముందుగా పైవాళ్ల సంతకం తీసుకుని ఉండాలి. మణిమాలది రెండో పద్ధతి. పెన్సిలు చెక్కాలన్నా ఫైలు పెట్టే రకమని తోటివాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేది.

అలాంటి మనిషి బకెట్టు పట్టుకుని మురుగుకాలువకు వెళ్లడానికి కారణం మగవాళ్ల వార్డులో పదకొండో నంబరు మంచం. దాని మీద కుడిపూడి ఏడుకొండలు అనే కొబ్బరి దింపు కార్మికుడు పడుకుని ఉన్నాడు. చెట్టు దిగుతుంటే ఎండుమట్ట గీసుకుని ఎడమ పిక్క చీరుకుంది. నాలుగు రోజులు పసుపు అద్దుకుని చెట్లెక్కాడు, అయిదో రోజుకు కాలు వాచింది. ఆసుపత్రికి వచ్చేసరికి పుండు ఆకుపచ్చగా చీము పట్టి ఉంది. ఉన్న మందులన్నీ వాడారు. లేని మందులు పట్నం నుంచి తెప్పించి వాడారు. ఆ బ్యాక్టీరియా ఒక్కదానికీ లొంగలేదు. శస్త్రవైద్యుడు డాక్టర్ ఖాదర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. "వచ్చే నెల మూడో తారీకు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మోకాలి కిందికి తీసెయ్యాలి. కాలు చూసుకుంటూ కూర్చుంటే మనిషి దక్కడు."

చెట్టెక్కి బతికేవాడికి కాలు పోతే ఇక మిగిలేదేమిటి? నలభై రెండేళ్లకే నేల మీద కూర్చుని చెట్ల మొదళ్లు చూసుకోవడం. మణిమాలకు ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సహించలేదు.

బ్యాక్టీరియాకు కూడా శత్రువులుంటాయి. అవి బ్యాక్టీరియా మీద మాత్రమే వాలే వైరస్‌లు. దాని లోపలికి తమ జన్యువులను జొప్పించి, దాని చేతే తమ పిల్లల్ని తయారు చేయించుకుని, చివరికి దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తాయి. మనిషి జోలికి రావు. ఎక్కడ ఏ బ్యాక్టీరియా ఉంటే దాని శత్రువూ అక్కడే తిరుగుతుంటుంది కాబట్టి వార్డు నీళ్లన్నీ చేరే కాలువలోనే వెతకాలి. మణిమాల ఆ నీళ్లు వడగట్టి, ఏడుకొండలు పుండులోని బ్యాక్టీరియాను పెంచిన పళ్లెంలో ఒక చుక్క వేసింది. తెల్లవారేసరికి పళ్లెం నిండా అట్టు మీద చిల్లుల్లాగా గుండ్రటి ఖాళీలు. పట్నం మందులకు లొంగని బ్యాక్టీరియా కాలువ వైరస్ చేతిలో చచ్చి ఊరుకుంది.

డాక్టర్ ఖాదర్ వచ్చి పళ్లెం చూశాడు. వెలుతురుకు పట్టి ఇంకోసారి చూశాడు.

"ఒక సీసా ఇవ్వండి మేడం. జేబులో వేసుకుని పోతాను."

"అలా ఎలాగండీ. దీని జన్యువుల్లో విషం ఏమన్నా ఉందేమో చూడాలి కదా."

"అది న్యాయమే. చూడండి. చూశాక ఇస్తారా?"

"చూశాక ఫైలు పెడతానండి."

ఖాదర్ తారీకు ఇంకోసారి గుర్తుచేసి వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల్లో జన్యు విశ్లేషణ పూర్తయింది. మనిషికి హాని చేసే జన్యువు ఒక్కటీ లేదు. మొత్తం తొంభై రెండు జన్యువులు. ముప్పై ఒక్కటి ఏం చేస్తాయో తెలిసింది. కొన్ని వైరస్‌కు తల కడతాయి, కొన్ని కాళ్లు తయారు చేస్తాయి, కొన్ని బ్యాక్టీరియా గోడకు కన్నం వేస్తాయి. మిగతా అరవై ఒక్క జన్యువుల ఎదురుగా మణిమాల "పని తెలియదు" అని రాసింది. భూప్రపంచంలో ఎక్కడ కొత్త వైరస్ దొరికినా ఇలాగే రాస్తారు. అది వైరస్ లోపం కాదు, మన చదువు అంతవరకే వచ్చిందని ఒప్పుకోవడం. ఫైలు మీద "అత్యవసరం" అని ఎర్ర చీటీ అంటించి పైకి పంపింది.

పైన ఉన్నది జాయింట్ డైరెక్టరు ధర్మారావు గారు.

ఆ సంవత్సరాన్ని ప్రభుత్వం పని పట్టికల సంవత్సరంగా ప్రకటించింది. పని పట్టిక లేకుండా ఏ ఆఫీసులోనూ ఎవరూ, ఏదీ ఉండరాదని ఉత్తర్వు. తక్కిన ఆఫీసులవాళ్లు ఉద్యోగులకు రాసి ఊరుకున్నారు. ధర్మారావు గారు గోడగడియారానికి రాయించారు, తోటలో నీళ్ల పైపుకు రాయించారు. గేటు దగ్గర పడుకునే కుక్కకు కూడా రాయించి దాని మెడలో వేలాడదీయించారు. "ఒకటి: ఆగంతకులపై మొరుగుట. రెండు: పై అధికారులపై మొరగకుండుట. మూడు: పై అధికారులు అప్పగించే ఇతర పనులు." ఆ మూడోది లేకుండా ఆయన ఏ పట్టికా ముగించేవారు కాదు. ఇంకో విశేషం, ఆయన ఇరవయ్యేళ్లుగా ఫైళ్లు రాసి రాసి నోటితో మాట్లాడినా ఫైలులాగే మాట్లాడేవారు.

"కూర్చోవలసిందిగా కోరడమైనది," అన్నారు మణిమాల లోపలికి రాగానే. "తమ నోటు పరిశీలించడమైనది. అరవై ఒక్కరు?"

"జన్యువులండి."

"హోదా ఏదైనా కావచ్చును. తొంభై రెండు మందిలో అరవై ఒక్కరు ఏం చేయుచున్నదీ తెలియదని తమరే సంతకం చేసి సమర్పించారు. ఇంతటి సాహసం ఈ సంస్థలో ఇంతవరకు ఎవరూ చేసి ఉండలేదు."

"వాటి పని వైరస్‌కు తెలుసండి. తెలియనిది మనకు."

"అనగా కిందివారికి తెలిసి, పైవారికి తెలియని పని. అది మరింత ప్రమాదకరం."

"సార్, అవతల పేషెంటు కాలు..."

"కాలు విషయం వేరే ఫైలు. అరవై ఒక్కరినీ తొలగించి, పనిచేయుచున్న ముప్పై ఒక్కరినీ ఈ సాయంత్రమే ఆసుపత్రికి పంపండి. అభ్యంతరం లేదు."

"వాటిని తీసేస్తే వైరస్ చచ్చిపోతుందండి."

ధర్మారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మూడింట రెండు వంతుల సిబ్బంది ఏం చేయుచున్నదీ ఎవరికీ తెలియదు, కానీ తొలగించినచో సంస్థ నిలవదు. ఈ వాదన నేను ప్రతి ఆఫీసులోనూ విని ఉన్నాను."

మర్నాడు అరవై ఒక్క మెమోలు తయారయ్యాయి. విధులు తెలియకుండా విధుల్లో కొనసాగుచున్నందుకు ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలసిందని, లేనిపక్షంలో చెప్పుకొనుటకు ఏమీ లేదని భావించబడునని ఒక్కొక్క జన్యువుకు ఒక్కొక్క కాగితం. మెమో ముట్టినట్టు సంతకం కావాలి. జన్యువులు సంతకం పెట్టలేదు. స్వీకరించడానికి నిరాకరిస్తే ఇద్దరు సాక్షుల ఎదుట నివాసపు తలుపుకు అంటించాలని రూలు. వాటి నివాసం మణిమాల గదిలో ఫ్రిజ్. అటెండర్లిద్దరూ మైదాపిండి జిగురు కలుపుకొచ్చి అరవై ఒక్క కాగితాలూ అంటించేసరికి ఫ్రిజ్ తలుపు ఎక్కడుందో కనబడకుండా పోయింది. లోపల పన్నెండు సీసాల్లో కాలువ వైరస్ తన మానాన తాను కూర్చుంది.

ఆ ఏడు రోజులూ వరండాలో బల్ల మీద ఏడుకొండలు భార్య నూకరత్నం కూడా కూర్చుంది. పొద్దున భర్తకు క్యారేజీ ఇచ్చి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. కొబ్బరాకుల మోపు తెచ్చుకుని, ఈనెలు తీసి చీపుర్లు కడుతుండేది. కట్టిన చీపురు ఏ సెక్షనువాళ్లు అడిగితే వాళ్లకు ఇచ్చేసేది. వారం తిరిగేసరికి సంస్థలో ప్రతి గదికీ చీపురు ఉంది.

"ఏవండీ, మా ఆయన మందు తయారయ్యిందాండి?" అని అడిగింది మణిమాలను.

"మందు ఎప్పుడో తయారైందమ్మా. ఫైలే ఇంకా అవ్వాలి."

"ఆయ్. ఫైలంటే ఏటండి, అదీ కాలికే రాయాలాండి?"

ఇది కాలికి కాదు, కాలే దీనికి రాసిపెట్టి ఉందని చెప్పాలనిపించింది మణిమాలకు. చెప్పలేక, ఇంకో రెండు రోజులు ఆగమంది. ఆ రెండు రోజుల మాట ఆమె ఆ వారంలో మూడుసార్లు చెప్పింది. మూడోసారి నూకరత్నం తల ఊపిందే గానీ కళ్లెత్తి చూడలేదు. అప్పుడు మణిమాలకు సిగ్గేసింది.

ఏడు రోజులు గడిచాయి. జన్యువులు సంజాయిషీ ఇవ్వలేదు. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ ఫ్రిజ్‌ను బయటినుంచి పరిశీలించి, సదరు సిబ్బంది ఆఫీసు వేళల్లో చల్లటి చోట కదలకుండా ఉంటున్నట్టు స్వయంగా గమనించామని, అరవై ఒక్క పోస్టులనూ రద్దు చేయవచ్చునని నివేదిక ఇచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులు ముగ్గురు, మీదుమిక్కిలి నివేదిక మూడు ప్రతుల్లో ఉంది.

ఆ నివేదిక సంగతి ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు బుల్లబ్బాయికి తెలిసింది. ఆయన జన్యువును ఎప్పుడూ చూసి ఎరగడు. అయినా ముప్పై ఏళ్ల అనుభవం ఊరికే పోదు కదా.

"ఇయ్యాళ జన్యువు, రేపు గుమస్తా," అన్నాడు గేటు దగ్గర స్టూలెక్కి. "పని తెలీదని తీసేత్తారంట. తెలుసుకోవలిసింది ఎవరండి? చేసేవోడా, చేయించేవోడా?"

సంస్థ మొత్తం బయటికి వచ్చి కూర్చుంది. అరవై ఒక్క జన్యువులనూ బేషరతుగా కొనసాగించాలని బ్యానరు కట్టారు. పని పట్టిక మెళ్లోనే ఉన్న కుక్క వచ్చి ధర్నా మధ్యలో పడుకుంది. రెండు రోజులు ఒక్క ఫైలూ కదల్లేదు. మామూలు రోజుల్లో ఎన్ని కదిలేవో ఎవరూ లెక్కపెట్టలేదు గాని, ఆ రెండు రోజులు మటుకు అందరూ బాధపడ్డారు.

మూడో రోజు ధర్మారావు గారు చర్చలకు పిలిచారు. బుల్లబ్బాయి కుర్చీ లాక్కుని కూర్చుని ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"అయ్యా, తమరు కుక్కక్కూడా రాశారు. తమరి పని పట్టిక ఎక్కడుందండి?"

గదిలో ఉన్నవాళ్లందరూ ఫ్యాను వైపు చూశారు. ధర్మారావు గారు బీరువా తెరిపించారు. గడియారానిది ఉంది, పైపుది ఉంది, కుక్కది నకలుతో సహా ఉంది. జాయింట్ డైరెక్టరుది లేదు. ఊరందరికీ రాసిన మనిషి తనకు రాసుకోవడం మరిచిపోయాడు. ఇప్పుడు రాద్దామన్నా ఒకటో నంబరు ఎదురుగా ఏం రాయాలో ఆయనకు వెంటనే తట్టినట్టు లేదు, కలం మూత తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"సదరు జన్యువుల విషయంలో మధ్యేమార్గం ఏదైనా ఉన్నచో సూచించవచ్చును," అన్నారు చివరికి, మెత్తబడిన గొంతుతో.

చర్చల్లో ఒక మూల కూర్చున్న మణిమాల కిటికీలోంచి కుక్క మెడలో పట్టికను చూస్తోంది. అప్పటికి మూడో తారీకుకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. లేచి తన గదికి పోయి, అరవై ఒక్క కాగితాలు తీసుకుని, అన్నిటి మీదా ఒకే ఒక్క వాక్యం రాసి తెచ్చింది: పై అధికారులు అప్పగించే ఇతర పనులు.

ధర్మారావు గారు చదివారు. ముఖం వికసించింది. పని తెలిసింది, బాధ్యత కుదిరింది, పైవాడి మాట కింద ఉండాలన్న నియమమూ నిలబడింది. అరగంటలో ఫైలు మీద సంతకం పడింది. అంత త్వరగా సంతకం పడడం ఆ సంస్థలో అదే మొదలు. అటెండర్లు ఫ్రిజ్ మీది మెమోలు గోకి తీసి, వాటి చోట పని పట్టికలు అంటించారు.

మణిమాల సీసా తీసుకుని ఆసుపత్రికి బయల్దేరబోతుంటే డైరెక్టర్ గారి నుంచి పిలుపు వచ్చింది. డైరెక్టర్ గారు ఒకప్పుడు మంచి శాస్త్రవేత్త. ఇప్పుడు మంచి మనిషి.

"ఇంత పెద్ద విజయాన్ని ఇలా గుడ్డసంచిలో వేసుకుని తీసుకుపోతావా అమ్మా? మంత్రిగారి చేతుల మీదుగా అందిద్దాం. రెండో తారీకు పదకొండు గంటలకు ముహూర్తం కుదిరింది."

"మూడున కాలు తీసేస్తారండి."

"అందుకే కదా రెండున పెట్టించాను. ఒక రోజు మిగులుతుంది."

ఒకటో తారీకు మధ్యాహ్నం ప్రోటోకాల్ అధికారి వచ్చారు. షామియానా చూశారు, కుర్చీలు చూశారు, తర్వాత ఫ్రిజ్ చూశారు. ఆయన చేతిలో చిన్న పుస్తకం ఉంది.

"మంత్రివర్యులకు నాలుగు వందల అడుగుల లోపల సజీవ వైరస్ ఏదీ ఉండరాదు."

"ఇది మనుషుల్ని ఏమీ చెయ్యదండి. బ్యాక్టీరియానే..."

"నిబంధనలో వైరస్ అని ఉన్నది. ఏ వైరస్ అన్నది లేదు. నిర్జీవపరచి, ఆ మేరకు ధ్రువపత్రం జతచేసినచో వేదిక మీదికి అనుమతించగలము."

"నిర్జీవమంటే చచ్చిపోతుందండి. చచ్చినదాన్ని కాలికి రాస్తే ఏం లాభం?"

"లాభనష్టాలు వైద్యశాఖ చూసుకుంటుంది. మేము భద్రత వరకే."

నాలుగు వందల అడుగులంటే సంస్థ భవనం మొత్తం వచ్చింది, ఆసుపత్రి వెనక గోడ కూడా వచ్చింది. కాబట్టి ఫ్రిజ్‌లోని పన్నెండు సీసాలనూ రేపు ఉదయం తొమ్మిదింటికి కమిటీ సమక్షంలో క్యాంటీన్‌లోని ఇడ్లీ పాత్రలో అరగంట సేపు ఉడికించాలని తీర్మానమైంది. మణిమాల పరుగు పరుగున కాలువ దగ్గరికి పోయింది. పెద్దవాళ్లు వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరు గీతలు వేయడం మన ఆచారం. ఆ రోజు మున్సిపాలిటీవాళ్లు భక్తి కొద్దీ కాలువలో కూడా నాలుగు బస్తాలు గుమ్మరించారు. కాలువ పాలకాలువలా తెల్లగా ఉంది. దాంట్లో ఇక బతికున్నదేదీ లేదు. వైరస్‌ను సన్మానించడానికి వచ్చినవాళ్లు వైరస్‌ను పుట్టింటితో సహా తుడిచిపెట్టారు.

మిగిలినవి ఆ పన్నెండు సీసాలు. అవి రేపు ఇడ్లీ గుంటల్లోకి పోతాయి, ఎల్లుండి కాలు పోతుంది. ఇంటికి వెళ్లినా ఆమెకు ఇదే ధ్యాస. ఖాదర్ జేబులో వేసుకుపోతానన్న రోజు గుర్తొచ్చింది. విశ్లేషణ అయ్యేదాకా ఆగమనడం సరే, అయిన తర్వాత రోజున తాను ఇచ్చేసి ఉంటే ఈపాటికి పుండు మానిపోవును. అడ్డం పడింది ధర్మారావు ఒక్కడే కాదు, తన పన్నెండేళ్ల మచ్చలేని సర్వీసు కూడా. దాన్ని తలుచుకుంటే మొదటిసారి ఆమెకు అసహ్యం వేసింది.

రెండో తారీకు ఉదయం ఎనిమిదిన్నరకు కమిటీ సభ్యులు క్యాంటీన్‌లో టిఫిన్ చేస్తున్నారు. నూకరత్నం యథాప్రకారం బల్ల మీద ఈనెలు తీస్తోంది. మణిమాల ఆమె పక్కనే కూర్చుంది.

"క్యారేజీలో మజ్జిగ గిన్నె ఖాళీగా ఉందా?"

"ఉందండి. కడిగే తెచ్చానండి."

మణిమాల ఫ్రిజ్‌లోంచి తెచ్చిన ఒక సీసాను శుభ్రమైన గుడ్డలో చుట్టి గిన్నెలో పెట్టి మూత వేసింది. "ఖాదర్ గారి చేతికే ఇయ్యి. ఎవరన్నా అడిగితే మజ్జిగని చెప్పు."

నూకరత్నం ఆమె మొహంలోకి ఒక్కసారి చూసింది. మోపు కట్టేసి, క్యారేజీ పట్టుకుని, గేట్లోంచి నడుచుకుంటూ పోయింది. కుక్క మొరగలేదు. అది పై అధికారులకే కాక ఆమెకు కూడా మినహాయింపు ఇచ్చినట్టుంది, రోజూ చూస్తున్న మనిషి కదా.

తర్వాత మణిమాల ఒక ఖాళీ సీసాలో కుళాయి నీళ్లు పట్టి, కమిటీ ముందే నేల మీద వదిలేసింది. రిజిస్టరులో రాసింది: ఒక సీసా చేయి జారి పగిలినది. సంతకం చేసింది. సర్వీసులో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. చేతిరాత మాత్రం ఎప్పటికంటే బాగా కుదిరింది.

పదకొండు సీసాలు ఇడ్లీ గుంటల్లో కూర్చుని అరగంట ఉడికాయి. పదకొండింటికి రావలసిన మంత్రిగారు ఒంటిగంటకు వచ్చారు. ప్రపంచంలోనే పని పట్టికలు ఉన్న మొట్టమొదటి వైరస్ మన గడ్డ మీద పుట్టడం గర్వకారణమన్నారు. డాక్టర్ ఖాదర్ ఉడికిన సీసాను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, ఫొటోకు నిలబడ్డాడు. అసలు సీసాలోని మందుతో తడిపిన గుడ్డ అప్పటికి మూడు గంటల క్రితమే ఏడుకొండలు పిక్క చుట్టూ చుట్టి వచ్చాడు.

మూడో తారీకున ఖాదర్ కత్తి పట్టలేదు. రెండు రోజులు చూద్దామన్నాడు. అయిదో తారీకుకు చీము రంగు మారింది. పదో తారీకుకు పుండు అంచుల్లో ఎర్రటి కొత్త కండ వచ్చింది. ఇరవయ్యో తారీకున ఏడుకొండలు కర్ర ఊతంతో వార్డు గుమ్మం దాకా నడిచాడు. నూకరత్నం క్యారేజీ తెచ్చి మణిమాల బల్ల మీద పెట్టింది. మజ్జిగ గిన్నెలో గుడ్డ చుట్టిన సీసా ఒకటి ఉంది. "పుండు కడిగిన నీళ్లంటండి. ఇది మీకే ఇమ్మన్నారండి ఆ డాట్రుగారు." పుండులో బ్యాక్టీరియాను తిని కోట్లకు పెరిగిన వైరస్ అలా సొంతగూటికి తిరిగి వచ్చింది. ఆ వెంటే మణిమాలకు మొదటి మెమో కూడా వచ్చింది, సీసా పగలగొట్టినందుకు.

ఇక్కడితో ఆగితే కథ సుఖాంతం. కానీ ఫైలు ఆగలేదు.

ఉడికించిన సీసా రెండున ఇచ్చినట్టు ఫొటో ఉంది. ఇరవైన మనిషి నడిచినట్టు ఆసుపత్రి కాగితం ఉంది. నడుమ ఇంకేమీ రికార్డులో లేదు. కాబట్టి ఉడికించిన వైరస్ వల్ల కాలు నిలిచిందని ధర్మారావు గారు నోటు పెట్టారు. నెల తిరగకుండా ఆవిరి వైరస్ పథకం ప్రకటించారు. మణిమాల ఉండబట్టలేక ఆయన గదికి వెళ్లింది.

"ఉడికించింది పని చెయ్యదండి. చచ్చిన పాము కరవదు కదా."

"వ్యక్తికి కాలు ఉన్నదా, లేదా?"

"ఉందండి."

"ఇచ్చినది ఉడికించినదా, కాదా?"

కాదంటే ఖాదర్ ఉద్యోగం పోతుంది, అనుమతి లేని మందు వాడాడని. రోగి కూడా ఒక ఫైలుగా మారిపోతాడు. అవునంటే తన చదువు నీళ్లలో కలుస్తుంది. మింగలేక కక్కలేక నిలబడింది.

"తమ ఆసక్తిని గుర్తించడమైనది," అన్నారు ధర్మారావు గారు. "ఉడికించు కార్యక్రమ పర్యవేక్షణ తమకే అప్పగించడమైనది. తమ పని పట్టికలో ఆఖరి అంశం చూసుకొనవచ్చును."

చూసుకోనక్కర్లేదు. ఆ వాక్యాన్ని అరవై ఒక్కసార్లు రాసిన చెయ్యి ఆమెదే.

సంస్థకు పెద్ద ఇడ్లీ పాత్రలు ఆరు వచ్చాయి. మణిమాల వైరస్‌ను పెంచడం, సీసాల్లో నింపడం, కమిటీ ఎదుట ఉడికించడం, జిల్లాలకు పంపడం. ఆ సీసాలు అందుకున్న రోగుల సంగతేమైందని ఆమె మూడుసార్లు రాతపూర్వకంగా అడిగింది. నివేదిక వచ్చింది. అందరి పేర్ల ఎదురుగా "ఫలితం తెలియదు" అని ఉంది. ఆ తెలియకపోవడం మీద ఎవరికీ కోపం రాలేదు, ఎవరికీ మెమో వెళ్లలేదు. వాళ్ల కాళ్లు ఉన్నాయో లేవో మణిమాలకు తెలుసు.

ఒక రోజు బల్ల మీద నూకరత్నం మళ్లీ కనబడింది. పక్కన ఇంకో ఆడమనిషి, ఒళ్లో ఖాళీ క్యారేజీ.

"మా పక్కూరేనండి. ఈళ్లాయనక్కూడా అదేనండి, పచ్చ చీము. ఖాదర్ గారి వార్డులోనేనండి."

మణిమాల లోపలికి పోయింది. కాసేపటికి లోపల ఏదో పగిలిన చప్పుడు వినిపించింది.

ఆ ఏడాది చివర ధర్మారావు గారు ఆమె పనితీరు నివేదిక రాశారు. సంస్థ పద్ధతి ప్రకారం చదివి సంతకం చేయమని ఆమెకు పంపారు. "శ్రద్ధాసక్తులు గల అధికారిణి. లోపం ఒక్కటే. వీరి చేతిలో సీసా నిలవదు. ఈ సంవత్సరంలో ఇరవై మూడు సీసాలు పగలగొట్టినారు. ఇకనైనా జాగ్రత్త వహించవలెను."

మణిమాల చదువుతుంటే కిటికీ అవతల ధబ్బుమని చప్పుడైంది. సంస్థ ఆవరణలో ఉన్న కొబ్బరిచెట్లకు దింపు జరుగుతోంది. పైన ఏడుకొండలు, ఎడమ కాలిని చెట్టు మానుకు తన్నిపెట్టి గెల నరుకుతున్నాడు. పిక్క మీద మచ్చ కింది దాకా కనబడుతోంది. కింద ధర్మారావు గారు గొడుగు పట్టుకుని, ఆవిరి వైరస్ మహిమ చూడమని ఎవరో అధికారికి చూపిస్తున్నారు. ఆ పక్కనుంచే ఒక ఆడమనిషి క్యారేజీ పట్టుకుని గేటు దాటి పోయింది.

మణిమాల కలం తీసింది. ఆమెకు రికార్డు తప్పుగా ఉండడం మొదట్నుంచీ గిట్టదు. ఇరవై మూడు అన్న అంకె కొట్టేసి, పక్కన ఇరవై నాలుగు అని దిద్ది, ఈ ఉదయం ఇంకొకటి పగిలినది అని రాసి, కింద సంతకం చేసింది.